గోక్కునే గొర్రెలు, గోక్కోని గొర్రెలు

పాలమూరు వైపు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరంలోని సంగతులు క్లుప్తంగా ఇవి.

తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి నల్ల దక్కనీ గొర్రెల మంద కాస్తున్నారు. కిందటి నవంబరులో మందకు మూతివాపు వచ్చింది. పెదాలు ఉబ్బి, చొంగ కారి, కాళ్లు కుంటి నాలుగు చనిపోయాయి. పదకొండు కోలుకున్నాయి. అప్పటికి మిగిలినవి నలభై నాలుగు. డిసెంబరు మొదట్లో తమ్ముడు సంతలో పన్నెండు గొర్రెలు కొని, ఆ సాయంత్రమే దొడ్డిలో కలిపేశాడు. నెల తిరిగేసరికి ఉన్ని ఊడటం మొదలైంది. కొన్ని రాతిగోడకు, సర్కారు తుమ్మ కంపకు ఒళ్లు రుద్దుకుంటున్నాయి, పక్కలు కొరుక్కుంటున్నాయి. కొన్నింటికి మాత్రం ఏ దురదా లేకుండా ఉన్ని చాపలా లేచి వస్తోంది. ఊళ్లో సూదులు వేసే ఒకాయన, బాగా గోక్కుంటున్న పద్నాలుగింటికి ఐవర్మెక్టిన్ (పురుగులను చంపే సూది మందు) తలా 1 మి.లీ. ఒకసారి వేశాడు. వాటిలో మూడు చిన్న పిల్లలు కూడా ఉన్నాయి. పది రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. నాన్న ఆరింటికి కాలిన ఇంజినాయిల్ పూశాడు. "నువ్వు తెచ్చిన గొర్రెలే గజ్జి తెచ్చాయి" అని నాన్న, "ఇది ఆ మూతివాపు మిగిల్చిందే" అని తమ్ముడు రోజూ గొడవ. తమ్ముడు కొన్నవాటిని వచ్చే సంతలో అమ్మేద్దామంటున్నాడు. పద్దెనిమిది గొర్రెలు చూడితో ఉన్నాయి, ఇంకో నెలలో ఈనతాయి. నల్ల పిల్లల ఉన్ని ఎర్రబారుతోంది. ఇంటావిడ చేతి మీద దురద మచ్చ లేచింది. ఊడిన ఉన్నిని గొంగడి నేసేవాళ్లకు ఇవ్వొచ్చా అన్నది ఆఖరి ప్రశ్న.

మీ నాన్న మాటా నిజమే కావచ్చు, తమ్ముడి మాటా నిజమే కావచ్చు. మీరు రాసిన లక్షణాలు ఒక జబ్బువి కావు. ఒకే మందలో, ఒకే నెలలో రెండు వేర్వేరు కారణాలతో ఉన్ని పోతోంది. రెంటినీ ఒకే జబ్బనుకుని ఒకే మందు వేస్తే ఒక గుంపుకి అది దండగ, రెండో గుంపుకి అది చాలదు. కాబట్టి సూది పట్టుకునే ముందు మందను రెండుగా విడదీయాలి.

రేపు పొద్దున మేతకు తోలకముందు అరగంట దొడ్డి గుమ్మం దగ్గర ఊరికే నిలబడండి. వెనక కాలితో గీరుకునేది, రాయికి రుద్దుకునేది, తల తిప్పి పక్క ఉన్ని పీక్కునేది కనబడగానే వీపు మీద ఎర్రమన్నుతో గుర్తు పెట్టండి. తర్వాత మిగతావాటిని ఒక్కోదాన్ని పట్టుకుని, వీపు మీద, పక్కల మీద వేళ్లతో గట్టిగా గీరండి. దురద ఉన్న గొర్రె తల పైకెత్తి, పెదాలు ఆడిస్తూ చప్పరిస్తుంది. మనం గీరుతుంటే దానికి హాయి. ఆ చప్పరింపు ఉంటే ఉన్ని ఊడకపోయినా దాన్ని గోక్కునే గుంపులోనే వేయండి. గజ్జి మొదలైన రెండు మూడు వారాలు పైకి ఏమీ కనబడదు.

గోక్కోనివాటి సంగతి తేలిక, ముందు అది చెబుతాను. ఇవి ఎక్కువగా నవంబరులో జబ్బుపడి లేచినవే అయ్యుంటాయి, లెక్క సరిచూసుకోండి. మూతివాపు అని మనవాళ్లు పిలిచేది నీలినాలుక వ్యాధి. దోమకంటే చిన్న కుట్టే ఈగలు వానల చివర్లో దాన్ని మోసుకొస్తాయి. ఒళ్లు 105, 106 డిగ్రీలు కాలుతున్న ఆ నాలుగైదు రోజులు చర్మంలోని ఉన్ని కుదుళ్లు పని దాదాపు ఆపేస్తాయి. ఆ రోజుల్లో పుట్టిన పోగు దారంలో సన్నబడ్డ చోటులా ఉంటుంది. జ్వరం తగ్గాక పోగు మళ్లీ లావుగానే పెరుగుతుంది కానీ, ఆ సన్నటి చోటు కొన్ని వారాలకు చర్మం పైకి వచ్చి అక్కడ తెగుతుంది. అందుకే నవంబరు జ్వరానికి ఉన్ని జనవరిలో ఊడుతుంది. ఊడిన చోట చెయ్యి పెట్టి చూడండి: చర్మం నున్నగా, పొడిగా, పొలుసు లేకుండా, గడ్డం గీసిన మర్నాటి చెంపలా కొత్త మొలకలతో గరుగ్గా తగలాలి. అలా ఉంటే మందు అక్కర్లేదు, ఏ సూదీ ఆ ఉన్నిని నిలబెట్టలేదు. ఊడేదంతా ఊడి మూడు నాలుగు నెలల్లో సమంగా వస్తుంది. చేయాల్సింది రెండే. ఈ చలిలో రాత్రుళ్లు గాలి కొట్టని చోట కట్టడం ఒకటి, మేతతోపాటు తలా 150 నుంచి 200 గ్రాముల దాణా పెట్టడం రెండోది. వేరుశనగ చెక్క, మొక్కజొన్న నూక, తవుడు కలిపితే చాలు. చూడివాటికి ఈ నెలంతా 250 గ్రాముల దాకా పెట్టండి. చూడి చివర్లో మేత తగ్గినా ఇలాగే ఉన్ని తెగుతుంది, ఆ గొర్రె ఈనాక పాలకూ వెనకాడుతుంది.

ఇక గోక్కునే గుంపు. ఇక్కడ రెండు అనుమానాలు: గజ్జి పురుగు లేదా పేలు. రెండూ సంతలో కొన్నవాటితోనే వచ్చి ఉండొచ్చు. మందు విషయంలో మాత్రం రెంటికీ దారులు వేరు.

ఎండలో గొర్రెను నిలబెట్టి, భుజం, పక్క, మెడ మీద పది చోట్ల ఉన్నిని రెండు చేతులతో పాయ తీసి చర్మం దాకా చూడండి. ఉన్ని కుదుళ్ల దగ్గర లేత గోధుమరంగులో, నువ్వుగింజ కంటే చిన్నవి, వెలుతురు పడగానే పక్కకు జరిగేవి కనబడితే పేలు. చర్మం గీతలు పడి ఉంటుంది కానీ తడి చెక్కు ఉండదు. అలా కాక, మధ్యలో ఎండిన పసుప్పచ్చ చెక్కు, చుట్టూ జిగటగా తడి అంచు, ఆ అంచులో ఉన్ని ముద్దకట్టి ఉంటే గజ్జి. భుజాలు, పక్కలు, వీపు దాని చోట్లు. పురుగు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువుంటుంది, కంటికి సరిగా ఆనదు. అది మధ్య చెక్కులో ఉండదు, తడి అంచులో ఉంటుంది. ముక్కు, పెదాలు, చెవుల్లాంటి ఉన్ని లేని చోట చర్మం మందమై ముడతలు పడితే అది ఇంకో రకం గజ్జి పురుగు. చికిత్స మాత్రం దగ్గరదగ్గరగా ఒకటే.

ఆ ఒక్క సూది ఎందుకు నిలవలేదో ఇప్పుడు తేలుతుంది. 1 శాతం ఐవర్మెక్టిన్ మోతాదు 50 కిలోలకు 1 మి.లీ. ముప్పై కిలోల గొర్రెకు 0.6 మి.లీ. చాలు. కాబట్టి పెద్దవాటికి మందు తక్కువ పడలేదు, కాస్త ఎక్కువే పడింది. ఎనిమిది కిలోల పిల్లకు 0.16 మి.లీ. సరిపోయేదానికి 1 మి.లీ. అంటే ఆరింతలు. అవి తూలకుండా, చొంగ కార్చకుండా గట్టెక్కి ఉంటే సంతోషం, ఇంకోసారి అలా చేయనివ్వకండి. అసలు లోపం వేరే చోట ఉంది. గజ్జికి ఈ మందు ఒక్కసారితో పూర్తవదు, ఏడు రోజులకు రెండో సూది పడాలి. పైగా మీరు వేయించింది పద్నాలుగింటికే. మిగిలిన నలభై పైచిలుకు గొర్రెల్లో పైకి కనబడని పురుగు ఉండనే ఉంది, రాత్రి దొడ్డిలో ఒళ్లూ ఒళ్లూ తగలగానే మళ్లీ ఎక్కింది. మూడో మాట, అవి ఉన్నిని, చర్మపు పొట్టును కొరికి తినే పేలు అయితే చర్మం కింద వేసే సూది వాటిని సరిగా అందుకోదు. రక్తం తాగని పురుగుకు రక్తంలోని మందు ఎలా చేరుతుంది?

మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, చర్మం గీకించి పరీక్ష చేయించి, ఆ తర్వాతే మందు వేయడం. మండలంలోని పశువైద్యశాలలో మైక్రోస్కోప్ ఉంటే అక్కడే అవుతుంది, లేకపోతే జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపుతారు. ఐదు గొర్రెలను ఎంచండి. సూది పడనివి, ఇంజినాయిల్ పూయనివి అయి ఉండాలి. నూనె పూసిన చోట పురుగు దొరకదు, "లేదు" అని తప్పు ఫలితం వస్తుంది. మచ్చ అంచున, చెక్కుకీ మంచి చర్మానికీ మధ్య, మొద్దు బ్లేడుతో చర్మం కాస్త ఎర్రబడి చెమర్చేదాకా గీకి, ఆ పొట్టును, ఒక గుప్పెడు ఉన్నిని మూత బిగుతుగా పట్టే చిన్న సీసాలో వేయాలి. స్పిరిట్ పోయకూడదు. డాక్టరే గీకితే ఇంకా మంచిది. ఈ దారిలో రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది, కానీ పేలో గజ్జో తేలుతుంది, అనవసరపు ఖర్చు మిగులుతుంది. నేనైతే ఇటే మొగ్గుతాను.

రెండోది, పరీక్ష కోసం ఆగకుండా మొత్తం యాభై ఆరింటికీ (గోక్కోనివాటిలోనూ పైకి కనబడని పురుగు ఉండొచ్చు) ఒకే రోజు సూది, ఏడు రోజులకు మళ్లీ సూది. పాయ తీసి చూసినప్పుడు తడి అంచు చెక్కులు స్పష్టంగా ఉండి, పేలు ఒక్కటీ కనబడకపోతే ఇది తప్పు కాదు. అయితే పశువైద్యుడితో మాట్లాడే చేయండి. ఒక్క గొర్రె తప్పినా పని మొదటికి వస్తుంది, అందుకే వేసినదానికల్లా రంగు గుర్తు పెట్టండి. వేలాడే కాటాకు గోనె కట్టి నాలుగైదింటిని తూచి, గుంపులో బరువైనదాన్ని బట్టి మోతాదు లెక్కవేయండి. పిల్లలను మాత్రం ఒక్కోదాన్నీ విడిగా తూచాలి. 0.01 గీతలున్న 1 మి.లీ. సిరంజి వాడండి, పెద్ద సిరంజిలో అర మిల్లీలీటరు ఎవరికీ సరిగా అందదు. మెడ మీద వదులు చర్మాన్ని గుడారంలా ఎత్తి, దాని కింద వేయాలి. కండలోకి కాదు, నరంలోకి అసలే కాదు. చూడి గొర్రెలకు ఈ మందు వేయొచ్చు. ప్రమాదం మందులో కాదు, పట్టుకోవడంలో ఉంది. వెల్లకిలా తిప్పొద్దు, తరమొద్దు, తడికె మూలలో నిలబెట్టి వేయండి.

మూడోది, మందు నీళ్లలో ముంచడం. పేలు అని తేలితే ఇదే అసలు దారి, గజ్జికీ పనిచేస్తుంది. డెల్టామెత్రిన్ 1.25 శాతం మందును పిడుదులకు లీటరుకు 2 మి.లీ., గజ్జికి 4 మి.లీ. కలపడం వాడుక. పేలకు ఎంతో మీరు కొన్న సీసా మీద చూడండి. చేతిపంపుతో పైపైన చల్లితే చర్మం దాకా తడవదు, గజ్జి తగ్గకపోవడానికి అదే పెద్ద కారణం. గజ్జికైతే తొట్టిలో నిమిషం పాటు ఒళ్లంతా మునగాలి, తలను రెండుసార్లు ముంచి తీయాలి. ముంచేముందు నీళ్లు తాగించండి, దాహంతో ఉన్నది తొట్టి నీళ్లు తాగేస్తుంది. ఒక్కోటీ ఉన్నిలో రెండు మూడు లీటర్లు మోసుకుపోతుంది, కాబట్టి తగ్గిన నీటికి లెక్క ప్రకారం మందు కలుపుతూ ఉండాలి. వట్టి నీళ్లు పోస్తూ పోతే ఆఖరి పది గొర్రెలకు మందు అందదు. ఈ చలిలో ఎండెక్కాక పదింటికి మొదలెట్టి ఒంటిగంటకు ముగించండి, సాయంత్రానికి ఒళ్లు ఆరాలి. తల్లి పొదుగు ఆరేదాకా పిల్లలను విడిగా ఉంచండి. మీ చేతులకు తొడుగులు వేసుకోండి. మిగిలిన నీళ్లు చెరువులోకో కాలువలోకో వదిలితే చేపలు చస్తాయి, పొలానికి దూరంగా గుంటలో పోయండి. పేల గుడ్లు ఈ మందుకు చావవు, రెండు వారాలకు మళ్లీ ముంచాలి. నెలలో ఈనబోయే పద్దెనిమిదింటిని మాత్రం ముంచొద్దు, వాటికి ఏం చేయాలో డాక్టరు చెప్పాలి.

ఏ దారి పట్టినా, గొర్రెలు రుద్దుకున్న గోడ, కంప, దొడ్డి గుంజలు లెక్కలోకి రావాలి. గజ్జి పురుగు గొర్రె మీద లేకుండా రెండు వారాల పైన బతకగలదు. ముళ్లకు చిక్కుకున్న ఉన్ని పోచల్లో అవి ఉంటాయి. మందు పడ్డ రోజు నుంచి మందను కొత్త చోటికి మార్చి, పాత దొడ్డిని మూడు వారాలు ఖాళీగా ఉంచండి. చోటు లేదంటే కంప పీకి కాల్చి, ఎరువు ఎత్తి, గోడకు సున్నం కొట్టండి. పక్క మందలు కూడా అదే బీట్లో మేస్తుంటే వాళ్లకు చెప్పక తప్పదు. చెబితే ఏమనుకుంటారో అని దాస్తే వచ్చే నెల వాళ్ల గొర్రెల నుంచి మీకే తిరిగి వస్తుంది.

తమ్ముడు అమ్మేద్దామంటున్న విషయం. గోక్కుంటున్నవాటిని సంతకు తోలితే బేరగాళ్లు మొదట చూసేది ఆ ఉన్నినే, సగం ధర అడుగుతారు. అమ్ముడుపోకుండా తిరిగొస్తే ఇంకో నాలుగు మందల పురుగు వెంట తెస్తాయి. తెలియనివాడికి అంటగడితే మీకు జరిగిందే అతనికి జరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. సూది పడ్డవాటిని కోతకు ఇవ్వడానికి సీసా మీద గడువు రాసి ఉంటుంది, ఆరు వారాలు ఆగితే సాధారణంగా సరిపోతుంది, సీసా మీద ఎక్కువుంటే అన్నాళ్లూ ఆగాలి. డబ్బు అవసరం గట్టిగా ఉంటే ఒక పని చేయొచ్చు: ఇంతవరకు సూది పడని పొట్టేళ్లలో దురద లేనివాటిని, మందకు మందు వేసే రోజుకు ముందే, సంతకు కాకుండా నేరుగా కోతకు కొనేవాళ్లకు ఇవ్వండి. మిగతావి మందు పడి, గడువు దాటి, ఉన్ని వచ్చాకే. అప్పుడు ధరా వస్తుంది. ఇక మీదట ఏది కొన్నా నాలుగు వారాలు వేరే దొడ్డిలో, వేరే నీళ్ల తొట్టితో ఉంచండి. తమ్ముడితో గొడవ కంటే ఈ ఒక్క ఒప్పందం మీకు పనికొస్తుంది.

కాలిన ఇంజినాయిల్ గురించి నాన్నగారితో మీరే మెల్లగా మాట్లాడండి. పురుగుకు ఊపిరాడకుండా చేస్తుందన్నది ఆయన ఆలోచన, అది పూర్తిగా వట్టిది కాదు. కానీ అందులో లోహాల మడ్డి ఉంటుంది. గొర్రె నాకితే కడుపులోకి పోతుంది, చర్మం మండి పుండు పడుతుంది, ఆ పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయి. పూసిన ఆరింటికి నూనె ఉన్ని కత్తిరించి, మధ్యాహ్నపు ఎండలో గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగండి. చిన్న చెక్కుల మీద పూయాలనిపిస్తే వేపనూనె పూయనివ్వండి. చెక్కు మెత్తబడుతుంది, నష్టం లేదు, అయితే మందకు అదే వైద్యం అనుకోకూడదు.

పిల్లల ఉన్ని ఎర్రబారడానికి చాలాసార్లు ఎండే కారణం. పాయ తీసి చూడండి. కొసలు ఎర్రగా, కుదుళ్లు నల్లగా ఉంటే భయం లేదు. కుదురు దగ్గర కొత్తగా వస్తున్న ఉన్నే బూడిదరంగులోకి తిరిగి, పుట్టిన పిల్లలు వెనక కాళ్లు తూలుతుంటే రాగి లోపం కావచ్చు. అప్పుడు కూడా సొంతంగా మైలుతుత్తం (రాగి ఉప్పు) పట్టించొద్దు, పశువుల ఖనిజ మిశ్రమం పెట్టొద్దు. ఆవు తట్టుకునే రాగిని గొర్రె తట్టుకోలేదు. అది కాలేయంలో పేరుకుని, ఎప్పుడో ఒకరోజు ఎర్రటి మూత్రం పోసి గొర్రె పడిపోతుంది. గొర్రెలకని రాసి ఉన్న మిశ్రమమే కొనండి.

ఇంటావిడ చేతి మచ్చ గుండ్రంగా, అంచు ఎత్తుగా ఉంటే తామర కావచ్చు, అది జీవాల నుంచి మనుషులకూ వస్తుంది. చర్మవైద్యుడికి చూపించి, ఇంట్లో గొర్రెలున్నాయని చెప్పండి. ఉన్ని ముద్దకట్టించే గజ్జి పురుగు మాత్రం మనిషి మీద కాపురం చేయదు.

గొంగడి సంగతి. గోక్కోని గొర్రెల నుంచి చాపలా ఊడిన ఉన్ని నిక్షేపంలా ఇవ్వొచ్చు, కాకపోతే అది కత్తిరించినది కాదు, ఊడినదని వడికేవాళ్లకు ముందే చెప్పండి, మంచి ఉన్నితో కలిపి వాడుకుంటారు. గోక్కునేవాటి ఉన్నిని గోనెలో మూతి కట్టి, మంద తిరగని చోట నెల రోజులు ఎండలో ఉంచి ఇవ్వండి. ఆ ఇంట్లో కూడా గొర్రెలుంటే ఇవ్వకపోవడమే మేలు. ఇంజినాయిల్ అంటిన ఉన్ని ఎన్ని నీళ్లలో ఉతికినా మడ్డి వదలదు, లోతుగా గుంట తీసి పూడ్చేయండి.